మందలో చిన్న పిల్లలు, హేచరీలో తెల్లబడే బొచ్చె గుడ్డు: ముందు మగవాటిని చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ఉదయగిరి దగ్గర మీ ఇంటి మందలో 70 నెల్లూరు జోడిపి గొర్రెలు, రెండు పొట్టేళ్లు ఉన్నాయి. కొన్నేళ్లుగా పిల్లలు చిన్నగా పుడుతున్నాయి, ఈసారి చాలా గొర్రెలు చూడి కట్టలేదు. కోవూరు వైపు మీ మేనమామ గారి చేపల హేచరీలో బొచ్చె (కట్లా) చేప గుడ్డు తెల్లబడి పోతోంది. మీరేమో బయటి రాష్ట్రం నుంచి పెద్ద జాతి పొట్టేలు తెద్దామంటున్నారు, ఆయనేమో చేపతో గుడ్లు పెట్టించే ఇంజెక్షన్ మోతాదు పెంచుదామంటున్నారు. ఈ రెండిటి మీదా పరిశోధన ఏం చెబుతుందని అడిగారు.

ముందుగా ఒక్క మాట. ఆ రెండు పనులూ ఇప్పుడే చేయకండి. జీవాల కొలతల పనిలో ఈ జిల్లాల్లో చాలాకాలం తిరిగినవాడిగా చెబుతున్నాను, మందలోనూ చేపల గుంటలోనూ మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: తండ్రులు ఎన్ని, అవి ఎక్కడివి, వాటిని ఎవరు ఎంచారు?

గొర్రెల సంగతి చూద్దాం. బక్రీదు ముందు బేరగాడు దొడ్డిలోకి వచ్చి మొదట చెయ్యి వేసేది ఏ పిల్ల మీద? ఆరు నెలలకే నడుం నిండి, కాళ్లు పొడుగ్గా, మెడ ఎత్తుగా ఉన్న పొట్టేలు పిల్ల మీద. మంచి ధర వస్తుంది, ఇంట్లో అవసరం ఉంటుంది, అమ్మేస్తాం. అమ్ముడుపోకుండా మిగిలిన పిల్లే మందలో తిరుగుతూ ఏడాది దాటాక గొర్రెలెక్కుతుంది. అంటే వేగంగా పెరిగే రక్తాన్ని ప్రతి ఏడూ మనమే ఏరి బయటికి పంపిస్తున్నాం. దీన్ని పదేళ్లు చేస్తే పిల్లలు చిన్నవి కాక ఏమవుతాయి? ఇందులో జాతి తప్పు లేదు. నెల్లూరు గొర్రె మన దేశంలోకెల్లా ఎత్తైన గొర్రె జాతి. తెల్లటి పల్ల, మూతి చుట్టూ కళ్ల చుట్టూ నల్లమచ్చలుండే జోడిపి, గోధుమ ఎరుపు దోర, మూడూ ఇక్కడి ఎండకీ ఎండుగడ్డికీ మైళ్ల నడకకీ తట్టుకుని నిలిచినవే. పెరిగిన పొట్టేలు సగటున 36 కిలోల దరిదాపుల్లో, గొర్రె 30 కిలోల దరిదాపుల్లో తూగుతాయని పుస్తకాల్లో ఉంది. బాగా మేపిన పొట్టేళ్లు దీన్ని దాటడం మనందరం చూసిందే.

రెండో సంగతి రక్తం దగ్గరవడం, అంటే దగ్గరి చుట్టరికమున్న జీవాలే జతకట్టడం. జన్యుశాస్త్రంలో ఒక చిన్న లెక్క ఉంది. మగవాటి సంఖ్యని ఆడవాటి సంఖ్యతో గుణించి, దాన్ని నాలుగింతలు చేసి, మొత్తం తలల సంఖ్యతో భాగించాలి. వచ్చేదే ఆ మంద అసలు జన్యుబలం. మీ 70 గొర్రెలు, రెండు పొట్టేళ్లకి వేస్తే దాదాపు 8 వస్తుంది. కంటికి 72 జీవాలు కనిపిస్తున్నా, వారసత్వం పరంగా అది ఎనిమిది జీవాల మందే. ఈ లెక్కన తరానికి 6 శాతం పైగా రక్తం దగ్గరవుతుంది. రెండు పొట్టేళ్లలో ఒకటి బలమైనదై రెండోదాన్ని దగ్గరికి రానివ్వకపోతే, ఇది సాధారణంగా జరిగేదే, పరిస్థితి ఇంకా దిగజారుతుంది. మీ పొట్టేలు తన కూతుళ్లనే దాటితే ఆ పిల్లల్లో 25 శాతం, ఒకే తండ్రికి వేరు తల్లుల వల్ల పుట్టినవి కలిస్తే 12.5 శాతం. దీని ఫలితం ముందుగా పుట్టుక బరువులో, పిల్లలు బతకడంలో, గొర్రెలు చూడి నిలవడంలో కనిపిస్తుంది. మీరు రాసిన లక్షణాలు అవే.

అయితే గొర్రెలు చూడి కట్టకపోవడానికి ఎండ కూడా కారణం కావచ్చు. పొట్టేలు వృషణాలు ఒంటి వేడికన్నా నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యం సరిగా తయారవుతుంది. ఒక్క వీర్యకణం తయారవడానికి ఏడు వారాలు పడుతుంది. అందుకని రోహిణి కార్తెలో తగిలిన వేడి దెబ్బ మృగశిర, ఆరుద్ర దాటి పునర్వసు దాకా వెంటాడుతుంది. సరిగ్గా అప్పుడే తొలకరి పచ్చికకి గొర్రెలు ఎదకి వస్తాయి. పొట్టేలు ఉత్సాహంగానే ఎక్కుతుంది, చూసేవాళ్లకి ఏ అనుమానమూ రాదు, చూడి మాత్రం నిలవదు. మే నెలంతా పొట్టేళ్లని మందతో మధ్యాహ్నపు మేపుకి తోలకుండా చింతచెట్టు నీడనో పాకలోనో నిలిపి, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచి, గుప్పెడు వేరుశనగ చెక్క, కాస్త జొన్న పెడితే చాలా తేడా వస్తుంది.

ఇది పొట్టేలు లోపమా, గొర్రె లోపమా అని తేల్చుకోవడానికి మీరే ఒక పరీక్ష చేయవచ్చు. జాజుని (ఎర్రమట్టి రంగుని) నూనెలో చిక్కగా కలిపి పొట్టేలు రొమ్ముకి, ముందుకాళ్ల మధ్య, దట్టంగా పూయండి. రెండు మూడు రోజులకోసారి మళ్లీ పూస్తుండాలి. అది ఎక్కిన ప్రతి గొర్రె నడుం వెనక ఎర్ర ముద్ర పడుతుంది. తెల్లటి జోడిపి మీద దూరం నుంచే కనిపిస్తుంది. రోజూ సాయంత్రం దొడ్డికి తోలేటప్పుడు ముద్ర పడ్డ గొర్రె చెవి నంబరు రాసుకోండి. గొర్రె ఎద చక్రం 17 రోజులు. పదిహేడో రోజున జాజు ఆపి నూనెలో బొగ్గుపొడి కలిపి పూయండి. బొగ్గు మొదలుపెట్టిన మూడు వారాలయ్యాక పుస్తకం తెరిచి చూస్తే కథ దానంతట అదే తెలుస్తుంది. ఎరుపు మాత్రమే పడి మళ్లీ ముద్ర పడనివి చాలావరకు చూడి నిలిచినట్టే. ఎరుపు మీద నలుపు పడ్డవి ఎక్కువగా ఉంటే పొట్టేలు వీర్యంలో లోపం ఉందనో, పిండం నిలవడం లేదనో అనుమానించాలి. ఏ ముద్రా పడనివి ఎక్కువగా ఉంటే గొర్రెలు అసలు ఎదకే రావడం లేదు, అది ఎక్కువసార్లు మేత లోటు. అలాంటప్పుడు పొట్టేలుని కలపడానికి రెండు మూడు వారాల ముందు నుంచి గొర్రెకి రోజుకి 200 గ్రాముల దాణా ఇస్తే ఎదకి రావడం మెరుగవుతుంది. పొట్టేళ్లు రెండింటికీ చెరో 35 గొర్రెలు వేరు చేసి ఈ పరీక్ష చేస్తే ఏది పనికొస్తుందో కూడా తేలిపోతుంది. 25, 30 గొర్రెలకి ఒక పొట్టేలు ఉండడం మంచిది కాబట్టి మీకు ఎలాగూ మూడోది కావాలి.

మీ ప్రశ్నలో లేని విషయం ఒకటి అడుగుతున్నాను: నెలలు నిండబోయే గొర్రెలు కడుపులో పిల్లని ముందే పడేయడం ఏమైనా జరిగిందా? జరిగి ఉంటే బ్రూసెల్లా (కడుపు పోగొట్టే అంటుజబ్బు) పరీక్ష తప్పనిసరి. రక్తం నమూనా పశువైద్యుని ద్వారా జిల్లా పశువ్యాధి నిర్ధారణ ల్యాబ్‌కి పంపవచ్చు. ఈ జబ్బు మనుషులకీ అంటుకుంటుంది, విడవని జ్వరం, కీళ్ల నొప్పులు తెస్తుంది. పడిపోయిన పిల్లని, మాయని వట్టి చేతుల్తో ముట్టుకోకండి. ఇంట్లో ఆడవాళ్లకి, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్లకి ఆ పని అసలు అప్పగించకండి. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

ఇక బయటి రాష్ట్రం పొట్టేలు. పెద్ద ఒళ్లున్న జాతి తెస్తే మొదటి తరంలో పిల్లలు బరువుగానే పుడతాయి. కానీ ఆ బరువుని మోసే తల్లి పాలు, ఆ ఒంటికి సరిపడే మేత ఉదయగిరి కొండల పక్కన ఏడాది పొడుగునా ఎక్కడివి? కవల పిల్లల జన్యువు విషయం కూడా ఇంతే. సుందర్‌బన్స్‌లోని గారోల్ గొర్రెల్లో ఒకే కాన్పులో ఎక్కువ పిల్లలనిచ్చే జన్యువు ఉంది. మహారాష్ట్రలోని ఫల్టన్‌లో ఉన్న నింబ్కర్ వ్యవసాయ పరిశోధన సంస్థ దాన్ని దక్కనీ గొర్రెల్లోకి తెచ్చి మంచి పని చేసింది. దొడ్డిలో దాణా పెట్టి పెంచేవాళ్లకి అది వరం. నడిచి మేసే మందలో తల్లి ఒక పిల్లకే పాలు చాలక ఇబ్బంది పడుతుంటే రెండో పిల్ల ఏం కావాలి? నా మటుకు నేను మన నెల్లూరు రక్తంలోనే, దూరపు మంద నుంచి వచ్చిన పొట్టేలే మీకు సరైనదంటాను. కందుకూరు వైపో, కనిగిరి వైపో మీ మందతో ఎప్పుడూ కలవని కాపరి దగ్గర వెతకండి. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో నెల్లూరు గొర్రెల అభివృద్ధి మీద పని జరుగుతుంది, పొట్టేళ్ల కోసం అక్కడా అడిగి చూడండి. కొనేముందు రెండు వృషణాలూ సమానంగా, గట్టిగా, గడ్డలు లేకుండా ఉన్నాయో లేదో చేత్తో పట్టి చూడండి, బ్రూసెల్లా పరీక్ష చేయించండి.

ఒంగోలు పశువు కథ ఇక్కడ గుర్తు చేయాలి. గుండ్లకమ్మ, పాలేరు, మన్నేరు పరీవాహకంలో పెరిగిన ఈ జాతి నుంచి 19వ శతాబ్దంలోనే కొన్ని బ్రెజిల్ చేరాయి. 1960ల మొదట్లో ఒంగోలు పక్కనున్న కరవది పేరు పెట్టుకున్న ఆబోతు అక్కడికి వెళ్లి వేలకొద్దీ పశువుల వంశావళిలో నిలిచింది. అక్కడ ఆ జాతిని మన నెల్లూరు పేరుతో నెలోర్ అంటారు. బ్రెజిల్ మాంసం పరిశ్రమకి అదే వెన్నెముక. వాళ్లు చేసింది ఏమిటంటే, పుట్టిన దూడనల్లా తూచి, తండ్రి పేరు రాసి, ఏ తండ్రి పిల్లలు బాగా పెరిగాయో దాన్నే మళ్లీ వాడారు. మన దగ్గర ఎడ్ల పందేలకి, బండలాగుడుకి ఎంపిక చేశాం, ఆ బలం నిలిచింది. ఎంచుకున్న గుణం వస్తుంది, ఎంచుకోనిది జారిపోతుంది. కొండాపురం మండలం చింతలదేవిలో జాతీయ కామధేను కేంద్రం ఉంది. దేశీ జాతుల మీద ఆసక్తి ఉంటే ఒకసారి వెళ్లి చూడండి, మనసు నిండుతుంది.

ఎంపిక ఎలాగంటే, పిల్ల పుట్టిన రోజే వేలాడే తక్కెడతో తూచి, తేదీ, తల్లి నంబరు, ఒంటిదా కవలా, ఆడా మగా రాయండి. మూడో నెలలో, ఆరో నెలలో మళ్లీ తూచండి. పోల్చేటప్పుడు ఒకే నెలలో పుట్టిన మగపిల్లల్ని వాటిలో వాటితోనే పోల్చాలి. కార్తీకంలో పుట్టినదాన్ని ఎండాకాలంలో పుట్టినదానితో పోలిస్తే మీరు పోల్చేది మేతని, పిల్లని కాదు. తూకంలో కనిపించే తేడాలో వారసత్వం వాటా నాలుగో వంతు లోపే, మిగతాదంతా తల్లి పాలు, మేత, కాలం. అందుకే ఒక్క తూకం చూసి నిర్ణయించకూడదు. పై వరసలో వచ్చిన నాలుగు పొట్టేలు పిల్లల్ని ఎంత ధర వచ్చినా అమ్మనని ఇంట్లో ముందే మాట తీసుకోండి. ఇది కష్టమైన మాటే, తెలుసు. వాటిని మీ మందలో కాకుండా దూరపు కాపరితో మార్పిడి చేసుకుంటే ఇద్దరి మందలూ బాగుపడతాయి.

ఇప్పుడు మేనమామ గారి బొచ్చెలు.

బొచ్చె, శీలావతి, ఎర్రమోసు ఏటి చేపలు. వరద నీటిలో గుడ్లు పెట్టడం వాటి స్వభావం. నిలవ నీటి చెరువులో గుడ్డు పండుతుంది కానీ బయటికి రాదు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి చేపల మెదడు కింద ఉండే పీయూష గ్రంథి రసాన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి చెరువు చేపతో గుడ్లు పెట్టించారు. జూలై 10ని జాతీయ చేపల రైతుల దినంగా జరుపుకునేది అందుకే. ఇప్పుడు వాడే ఓవాప్రిమ్ లాంటి మందుల్లో రెండు పదార్థాలుంటాయి. ఒకటి పీయూష గ్రంథిని ప్రేరేపించేది. రెండోది డోంపెరిడోన్, గుడ్డు విడుదలను మెదడులో ఆపుతూ ఉండే డోపమైన్‌ని అడ్డుకునేది. ఈ మందు పండిన గుడ్డుని విడుదల చేయిస్తుంది, అంతే. పండనిదాన్ని పండించలేదు, మురిగినదాన్ని బాగుచేయలేదు. బొచ్చె తల్లికి కిలోకి 0.4 నుంచి 0.5 మిల్లీలీటర్లు సరిపోవాలి. అది చాలడం లేదంటే లోపం తల్లిలోనో సమయంలోనో ఉంది. మోతాదు పెంచితే గుడ్డు పడవచ్చు, ఆ గుడ్డు మాత్రం పనికిరాదు.

గుడ్డు తెల్లబడుతోందన్నారు, ఎప్పుడు? ఈ ఒక్క ప్రశ్నకి జవాబు దొరికితే సగం నిర్ధారణ అయిపోతుంది. గుడ్లు పెట్టిన నాలుగైదు గంటల తర్వాత పొదిగే తొట్టిలోంచి ఒక గ్లాసుతో నీళ్లు ముంచి, వెలుతురులో పట్టి వంద గుడ్లు లెక్కపెట్టమనండి. ఫలదీకరణ జరిగినవి గాజులా పారదర్శకంగా, లోపల చిన్న మచ్చతో ఉంటాయి. జరగనివి మజ్జిగ రంగుకి తిరుగుతాయి. ఈ దశలోనే సగం తెల్లగా ఉంటే మగ చేప వీర్యం పలచనైనా అయివుండాలి, గుడ్డు మాగిపోయినా అయివుండాలి. అప్పుడు బాగుండి, లోపల పిల్ల తోక ఆడించడం మొదలయ్యాక పాడైతే నీటిలో ఆక్సిజన్, వేడి, బోరు నీటి ఇనుము చూడాలి. పొదిగి బయటికొచ్చాక వంకర పిల్లలు ఎక్కువ కనిపిస్తే తల్లి మేత, రక్తం దగ్గరవడం గురించి ఆలోచించాలి. ఈ మూడింటికీ మందు వేరు. ముగ్గురు రోగులకి ఒకే సూది వేస్తే ఎలా ఉంటుందో మోతాదు పెంచడం అలా ఉంటుంది.

మగ చేప మీద మన హేచరీల్లో శ్రద్ధ తక్కువ. రొమ్ము రెక్క లోపలి వైపు బొటనవేలితో రాయండి. కాలంలో ఉన్న మగదాని రెక్క గరుకుగా తగులుతుంది, ఆడదానిది నునుపుగా ఉంటుంది. పొట్ట చివర మెల్లగా నొక్కితే చిక్కటి పాలలాంటి వీర్యం రావాలి. నీళ్లగా, గడ్డలుగా వస్తే ఆ చేపని పక్కన పెట్టాలి. వారంలో రెండుసార్లు అదే మగవాటిని గుడ్లు పెట్టించే తొట్టిలో దింపే అలవాటు ఉంటే మానేయమనండి. తల్లి విషయంలో పొట్ట మెత్తగా ఉబ్బి, గుడ్డు దారి గులాబీ రంగులో ఉబ్బి ఉంటే సాధారణంగా సిద్ధంగా ఉన్నట్టే. అనుమానముంటే సన్నటి గొట్టంతో కొన్ని గుడ్లు తీసి చూడాలి, అన్నీ ఒకే సైజులో, విడివిడిగా ఉండాలి. బొచ్చె మిగతా రెండిటికన్నా మొండిది. ఆలస్యంగా పండుతుంది, సమయం దాటితే గుడ్డుని లోపలే కరిగించేసుకుంటుంది.

నెల్లూరులో జూన్ ఎండ ఇంకో ఇబ్బంది. నీరు 26 నుంచి 31 డిగ్రీల మధ్య ఉంటే మేలు. మధ్యాహ్నం తొట్టి అంతకన్నా వేడెక్కుతుంది. సాయంత్రం ఆరింటికి ఇంజెక్షన్ ఇస్తే తెల్లవారుజామున గుడ్లు పడతాయి, తొలి గంటలు చల్లదనంలో గడుస్తాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు మీద, పొదిగే తొట్టి మీద తాటాకు పందిరి వేయించండి. పెన్నా డెల్టాలో వరికి మందులు కొట్టే రోజుల్లో మురుగు కాలవ నీళ్లు తల్లి చేపల గుంటలోకి రాకుండా చూడాలి. పురుగుమందులు చేప అండాశయం ఎదుగుదలని దెబ్బతీస్తాయని ఎన్నో ప్రయోగాల్లో తేలింది. చేపలకి పేను పట్టి ఉంటే, అంటే ఆర్గ్యులస్, ముందు దాన్ని వదిలించాలి. పేను తింటున్న తల్లికి గుడ్డు నిండదు.

ఇవన్నీ సరిచూశాక మిగిలేది మళ్లీ తండ్రుల లెక్కే. ఒక బొచ్చె తల్లి కిలో బరువుకి లక్ష గుడ్ల పైనే ఇస్తుంది. అందుకే కొద్ది చేపలతోనే పని నడిపేయాలనిపిస్తుంది. నాలుగు తల్లులు, నాలుగు మగవే వాడారనుకోండి. పై లెక్క వేసి చూడండి, జన్యుబలం 8 మాత్రమే, తరానికి 6.25 శాతం నష్టం. పైగా ఆ తల్లులు సొంత గుంటలో మిగిలిన తోబుట్టువులే అయితే? కర్ణాటకలోని కార్పు (బొచ్చె, శీలావతి లాంటి చేపల) హేచరీల మీద ఏక్‌నాథ్, డాయిల్ 1990లో ప్రచురించిన పరిశోధనలో ఏడాదికి 2 నుంచి 17 శాతం దాకా రక్తం దగ్గరవుతున్నట్టు అంచనా వేశారు. పాతిక ఆడ, పాతిక మగ వాడితే తరానికి 1 శాతమే. ఒక్కసారే అన్నీ వాడనక్కర్లేదు, సీజనంతా విడతలుగా మార్చి మార్చి దింపితే చాలు. ఏ చేపని ఎప్పుడు దింపారో తెలియడానికి ఒంట్లో పెట్టే చిప్‌లు దొరుకుతాయి. ఇంకో జాగ్రత్త, బొచ్చెని శీలావతితో ఒకే తొట్టిలో దింపవద్దు. సంకరం పుడుతుంది, దాన్నే రేపు తల్లిగా పెంచితే వంశం కలుషితమవుతుంది.

కొత్త తల్లుల కోసం పట్టుబడిలో మిగిలిన పొట్టి చేపల్ని ఉంచకండి, అది మందలో మిగిలిన పొట్టేలు పిల్ల లాంటి కథే. వేరు వేరు చోట్ల నుంచి చేపపిల్లని తెచ్చి రెండు మూడేళ్లు పెంచాలి. కైకలూరు వైపు నుంచి మాత్రమే తెస్తే అదీ ఒకే మూలం కావచ్చు. శీలావతికైతే భువనేశ్వర్ దగ్గరి కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ నార్వే వాళ్లతో కలిసి తయారుచేసిన జయంతి రోహు ఉంది. ఆ సంస్థ తల్లి చేపల కోసం సీఫాబ్రూడ్ అనే మేత కూడా తెచ్చింది. ముత్తుకూరు మత్స్య కళాశాల మీ మేనమామకి దగ్గర్లోనే ఉంది. తెల్లబడిన గుడ్లు, తొట్టి నీళ్లు సీసాలో పట్టుకుని వెళ్లమనండి, ముందుగా ఫోన్ చేసి ఎలా నిల్వ చేసి తేవాలో కనుక్కుంటే మంచిది.

మీరు ఇంకో మూడు వివరాలు రాస్తే మరింత ఖచ్చితంగా చెప్పగలను. ఆ రెండు పొట్టేళ్లు మీ మందలోనే పుట్టినవా, కొన్నవా? ఎన్నేళ్లుగా వాడుతున్నారు? మేనమామ గారి బొచ్చె తల్లులు ఎన్ని, వాటి పిల్ల మొదట ఎక్కడ కొన్నారు?